మల్టీ-గన్ వీడియోలు చూసి రైఫిల్ కొనాలనుకుంటున్న హన్మకొండ తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది: కాలేజీలో ఎన్‌సీసీ చేశావు, పాయింట్ 22 రైఫిల్ ఫైరింగ్‌లో నీ గ్రూపింగ్ (గుళ్లన్నీ దగ్గర దగ్గరగా పడటం) బాగుందని సార్లు మెచ్చుకున్నారు. ఇప్పుడు అమెరికా మల్టీ-గన్ పోటీల వీడియోలు చూస్తున్నావు. నువ్వు కూడా పోటీల్లోకి దిగాలనుకుంటున్నావు. చేతిలో లక్షన్నర ఉంది. ఏ రైఫిల్ కొనాలి?

సూటిగా చెప్తా. ఆ వీడియోల్లో కనిపించే రైఫిల్ మన దేశంలో మామూలు మనిషికి రాదు, దాని మీద ఆశ వదులుకో. నీకు సరిపోయేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో పది మీటర్ల దూరంలోని టార్గెట్‌ను కాల్చేది. అదీ ఇవాళే కొనొద్దు. ముందు ఆరు నెలలు క్లబ్ రైఫిల్‌తో నేర్చుకో, ఆ తర్వాత నీ ఒంటికి కుదిరే సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ (పోటీల కోసమే చేసినది) తీసుకో. ఆ లక్షన్నర అప్పటిదాకా బ్యాంకులోనే ఉండనీ. నేను చాలా ఏళ్లు ఎయిర్ రైఫిల్ పట్టి, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. ఆ అనుభవంతోనే ఇది చెప్తున్నా.

ముందు మల్టీ-గన్ సంగతి. ఒకే పోటీలో రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడూ వాడుతూ, పరుగెత్తుతూ, ఒకటి పక్కన పెట్టి ఇంకోటి అందుకుంటూ కాల్చే ఆట అది. గెలుపోటములు ప్రధానంగా సమయం మీదే తేలతాయి, గురి తప్పితే సమయం కలుపుతారు. రైఫిల్ భాగంలో కొన్ని టార్గెట్లు పది అడుగుల దూరంలో, కొన్ని వందల మీటర్ల దూరంలో ఉంటాయి. అందుకే అక్కడివాళ్లు ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్, 18 అంగుళాల బ్యారెల్, ఒకటి నుంచి ఆరు రెట్లు చూపించే స్కోపు పెట్టుకుంటారు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తనంతట తాను మళ్లీ లోడయ్యే అలాంటి రైఫిళ్లను మన ఆయుధ నిబంధనలు నిషిద్ధ వర్గంలో పెట్టాయి. లైసెన్స్ ఉన్నవాళ్లకు కూడా మామూలుగా ఇవ్వరు. "ఎక్కడో దొరుకుతుందట" అని ఎవరైనా అంటే ఆ మనిషికి దూరంగా ఉండు. మన ఉత్తర తెలంగాణలో తుపాకీ మాట వింటే పెద్దవాళ్లకు పాత రోజులు గుర్తొస్తాయి. పోలీసులు కూడా ఇక్కడ ఆయుధం విషయాన్ని తేలిగ్గా తీసుకోరు. ఈ ఆట ఆడాలంటే మన కాగితాలు, మన నడవడిక అద్దంలా ఉండాలి.

మరి ఎయిర్ రైఫిలే ఎందుకు? మొదటి కారణం చట్టం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు) దాటకుండా, 20 జౌళ్ల శక్తి మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. దుకాణంలో నీ గుర్తింపు కార్డు కాపీ తీసుకుని రిజిస్టర్లో రాసుకుంటారు, అంతే. పోటీ ఎయిర్ రైఫిల్ అర గ్రాము పెల్లెట్‌ను (చిన్న సీసపు గుండును) సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వదులుతుంది. లెక్క కడితే ఏడున్నర జౌళ్ల చుట్టుపక్కల వస్తుంది, అంటే పరిమితిలో సగం కూడా కాదు. 5.5 బోరు ఎయిర్ గన్ మాత్రం ఈ మినహాయింపులోకి రాదు, పోటీలోనూ పనికిరాదు. ఎవరు చవకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు.

రెండో కారణం, ఒలింపిక్స్ దాకా తిన్నగా దారి ఉన్న ఆట ఇది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, రెండూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. హైదరాబాద్‌కే చెందిన ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం కొట్టింది కూడా ఇందులోనే. తర్వాత 50 మీటర్లకు వెళ్లాలనుకుంటే ఇక్కడ నేర్చుకున్నది ఏదీ వృథా కాదు. 2024 పారిస్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలె అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టర్. కాజీపేట పిల్లలకు నేను ఈ మాట తప్పకుండా చెప్తుంటా. మీ ఇంట్లోనూ, మీ వీధిలోనూ రైల్వే ఉద్యోగులు ఉంటారు కదా. మోకాలి మీద, బోర్లా పడుకుని, నిలబడి మూడు రకాలుగా కాల్చే ఆ పోటీ, మల్టీ-గన్‌లో నీకు నచ్చిన వైవిధ్యానికి ఇక్కడ అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. కానీ దానికి పాయింట్ 22 కావాలి, లైసెన్స్ కావాలి, తూటాల ఖర్చు ఉంది. అది రెండో మెట్టు.

నీ ఎన్‌సీసీ అనుభవం గురించి ఒక మాట. బోర్లా పడుకుని కాల్చినప్పుడు నేలే రైఫిల్‌ను మోస్తుంది. ఎయిర్ రైఫిల్ నిలబడి కాల్చాలి. అక్కడ వచ్చిన గ్రూపింగ్ ఇక్కడ మొదటి రోజే వస్తుందనుకుంటే నిరాశ పడతావు. ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కడం మాత్రం నీకు వచ్చే ఉంటుంది. అది మంచి పెట్టుబడి.

ఇప్పుడు అసలు విషయం, రైఫిల్ ఎలా ఎంచుకోవాలి. చాలామంది మొదట అడిగేది "ఏ కంపెనీ సార్?" అని. నన్నడిగితే అది చివరి ప్రశ్న. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టెయర్, ఆన్‌షుట్జ్ — వీటిలో ఏ మ్యాచ్ రైఫిల్‌ను బిగించి కాల్చినా పెల్లెట్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోతాయి. కొత్తవాడి స్కోరును బ్యారెల్ ఆపదు. ఆపేది కొలత. మ్యాచ్ రైఫిల్‌లో భుజానికి ఆనే బట్‌ప్లేట్, చెంపకు ఆనే చీక్‌పీస్, ట్రిగ్గర్ చేయి పట్టుకునే పిస్టల్ గ్రిప్, ఎడమ చేతి కింద ఉండే పామ్ రైజర్ అన్నీ జరుపుకోవడానికే ఉంటాయి. అవి నీ ఎముకల కొలతకు కుదిరితేనే రైఫిల్ నీదవుతుంది.

నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనుతుంది. దాని మీద ముంజేయి, ముంజేతి మీద పిడికిలి, పిడికిలి మీద రైఫిల్. బరువు ఎముకల మీదుగా నేలకు దిగాలి, కండరం మోయకూడదు. మెడ నిటారుగా ఉండగానే సైట్ (గురి చూసే భాగం) కంటి దగ్గరికి రావాలి. నడుము నుంచి కంటి దాకా నీ ఎత్తు ఎక్కువై, ముంజేయి పొట్టిదైతే రైఫిల్ కిందికి ఉండిపోతుంది. అప్పుడు మనిషి తల వంచుతాడు. తల వంగితే చెవిలోని సమతూకం చెదురుతుంది, మెడ పట్టేస్తుంది, నలభై షాట్ల తర్వాత కాళ్లు ఊగుతాయి. పరకాల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. మొదటి రెండు సిరీస్‌లు (సిరీస్ అంటే పది షాట్లు) చక్కగా కాల్చేది, చివర్లో స్కోరు జారిపోయేది. ఇంట్లోవాళ్లు తిండి సరిపోవట్లేదేమో అనుకున్నారు. ఆమె వాడుతున్నది ఒక పొడుగు అబ్బాయికి సెట్ చేసిన క్లబ్ రైఫిల్. పామ్ రైజర్ పెంచి, బట్‌ప్లేట్ కిందికి దించితే రైఫిల్ పైకి వచ్చింది. చీక్‌పీస్ దానికి తగ్గట్టు సర్దాం. తల నిటారైంది. ఆ రోజు నుంచి చివరి సిరీస్ కూడా నిలబడింది. కొత్త రైఫిల్ ఏమీ కొనలేదు.

కొనేముందు నువ్వు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. జాకెట్ వేసుకుని, రైఫిల్ ఎత్తి పొజిషన్‌లో నిలబడు. కళ్లు మూసుకో. రెండు మూడు శ్వాసలు తీసుకుని, ఒళ్లు వదులు చేసి కళ్లు తెరువు. సైట్ లోపలి వలయంలో టార్గెట్ నల్లచుక్క కాస్త అటూఇటూగానైనా కనిపించాలి. దాన్ని వెతకడానికి మెడ కదపాల్సి వచ్చిందంటే సర్దాల్సింది ఇంకా ఉంది. సర్దుబాట్లు అన్నీ చివరిదాకా లాగినా కుదరకపోతే ఆ స్టాక్ (బ్యారెల్‌ను పట్టి ఉంచే రైఫిల్ చట్రం) నీకు కాదు, పేరెంత గొప్పదైనా సరే. అయిదడుగుల అమ్మాయికీ ఆరడుగుల అబ్బాయికీ ఒకే మోడల్ చెప్పే సలహాదారుల మాట వినకు.

ఏ కన్ను నీది బలమైనదో కూడా ఇప్పుడే చూసుకో. రెండు అరచేతులు కలిపి చిన్న సందు చేసి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూడు. ఒక్కో కన్ను మూసి చూస్తే ఏ కంటికి గడియారం కనిపిస్తూనే ఉందో అదే నీ గురి కన్ను. కుడిచేతి వాటమై ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు ఏ వైపు నుంచి కాల్చాలో కోచ్‌తో తేల్చుకున్నాకే పైసలు పెట్టాలి. ఎందుకంటే ఎడమ వాటం స్టాక్ తర్వాత అమ్ముకోవడం కష్టం.

బరువు గురించి జర వివరంగా చెప్పాలి. నిబంధన ప్రకారం ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు దాటొద్దు. బరువు ఎక్కువైతే కదలిక తక్కువని విని కొత్తవాళ్లు సీసం ముక్కలు తగిలించుకుంటారు. నడుము, వీపు ఇంకా గట్టిపడని మనిషికి అది వెన్నునొప్పి తప్ప ఏమీ ఇవ్వదు. నాలుగు, నాలుగున్నర కిలోలతో మొదలుపెట్టు, బరువు ఎడమ చేతికి కొంచెం ముందుకు పడేలా చూడు. ఏడాది తర్వాత పెంచుకోవచ్చు.

ట్రిగ్గర్ విషయం తక్కువలో చెప్తా. ఎయిర్ పిస్టల్‌కు 500 గ్రాముల కనీస బరువు ఉంది, ఎయిర్ రైఫిల్‌కు అలాంటి పరిమితి లేదు. రెండు దశల ట్రిగ్గర్ కావాలి. మొదటి దశ స్పష్టంగా ఆగాలి, రెండోది గాజు విరిగినట్టు తెగాలి. మరీ తేలిక చేసుకోకు, భయంతో వేలు పెట్టే అలవాటు వస్తుంది.

స్ప్రింగ్ గన్ కొంటే సరిపోదా? ఈ ప్రశ్న నీ మనసులో ఉండే ఉంటుంది, ఎందుకంటే ఆన్‌లైన్‌లో కనిపించేవి అవే. బ్యారెల్ మడిచి స్ప్రింగ్ బిగించే గన్‌లో పెల్లెట్ బయటికి రాకముందే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ కదిలిపోతుంది. సిలిండర్‌లో నింపిన గాలితో నడిచే రైఫిల్‌కు ఈ కుదుపు దాదాపు ఉండదు. "సెకనుకు వెయ్యి అడుగుల వేగం" అని రాసిన పెట్టె చూసి మురిసిపోయి కొన్న కుర్రాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. పది మీటర్ల దూరంలో కాగితాన్ని చిల్లు చేయడానికి అంత వేగం దేనికి? ఓపెన్ సైట్ (రంధ్రం లేని మామూలు గురి) విభాగం పోటీలు జరిగే చోట, ప్రెసిహోల్ వంటి మన దేశపు కంపెనీల గన్‌తో మొదలుపెట్టి సరదా తీర్చుకోవచ్చు. కానీ నువ్వు పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసే) విభాగంలో ముందుకు పోవాలనుకుంటే అది మధ్యలో వదిలేయాల్సిన ఖర్చు. స్కోపు అయితే ఈ ఆటలో ఎక్కడా ఒప్పుకోరు.

గురి ఎంత సన్నగా ఉండాలో ఒక లెక్క చెప్తా. టార్గెట్ నడుమ పది రింగు అర మిల్లీమీటరు చుక్క. ఒక్కో షాట్‌కు ఎక్కువలో ఎక్కువ 10.9. పోటీలో 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద గంటా పదిహేను నిమిషాలు. పారిస్‌లో అర్జున్ బబూతా 630.1 కొట్టి ఫైనల్‌కు వెళ్లాడు, అంటే షాట్‌కు సగటున 10.5. పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రం నుంచి సగటున మిల్లీమీటరుంబావు దాటకుండా, అరవై సార్లు. అలా కాల్చినా ఆయనకు దక్కింది నాలుగో స్థానం. ఈ స్థాయిలో రైఫిల్ తేడా లెక్కలోకి వస్తుంది. నువ్వు 600 దాటేదాకా నీ నిలబడే తీరు, ట్రిగ్గర్ నొక్కాక కూడా కదలకుండా నిలిచే ఓపిక, ఇవే లెక్క.

అందుకే సెకండ్ హ్యాండ్ అంటున్నా. కొత్త విదేశీ మ్యాచ్ రైఫిల్ రెండు లక్షల పైమాటే. రాష్ట్ర స్థాయిలో ఆడి పై మోడల్‌కు మారేవాళ్లు పాతది అమ్ముతుంటారు, ఉద్యోగం వచ్చి ఆట మానేసినవాళ్లూ అమ్ముతుంటారు. కోచ్‌ల ద్వారానే ఇవి చేతులు మారతాయి. చూడాల్సినవి ఇవి:

సిలిండర్ తేదీ. దాని మీద తయారీ తేదీ ఉంటుంది. కంపెనీలు సాధారణంగా పదేళ్ల గడువు ఇస్తాయి. సిలిండర్ గడువు తీరలేదని చూసుకునే బాధ్యత పోటీలో షూటర్‌దే. లోపల 200 బార్ ఒత్తిడి ఉండే వస్తువుతో పొదుపు చేయొద్దు. రైఫిల్ బాగుండి సిలిండర్ గడువు తీరిపోతే, కొత్త సిలిండర్ ధర తగ్గించి బేరమాడు.

ఒక రాత్రి గాలి నిలవాలి. నింపి, గేజ్ చూసి ఫొటో తీసుకుని, తెల్లారి మళ్లీ చూడు. ముల్లు దిగితే సీళ్లు పోయాయన్న మాట.

పది షాట్లు ఆనించి కాల్చు. బల్ల మీద మెత్త వేసి, అమ్మేవాళ్లు వాడే పెల్లెట్లతోనే. తర్వాత వేరే రకంతో ఇంకో పది. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటి పెల్లెట్లు 4.49, 4.50 అని తల సైజు తేడాలతో వస్తాయి. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి పడుతుంది. రైఫిల్‌కు 0.53 గ్రాముల పెల్లెట్ ఎక్కువమంది వాడతారు.

ఇంకా, అసలు బిల్లు లేకుండా మాత్రం ఎంత చవకైనా తీసుకోకు. అమ్మినవాళ్ల నుంచి రాతపూర్వకంగా కాగితం కూడా తీసుకో. అమెరికాలో ఉన్న బావను సూట్‌కేసులో పెట్టి తెమ్మనడం అస్సలు వద్దు. ఎయిర్ రైఫిల్ దిగుమతికి అనుమతులు కావాలి, అవి లేకపోతే కస్టమ్స్ దగ్గర రైఫిల్ ఆగిపోతుంది, ఆయనకూ ఇబ్బంది.

లక్షన్నరలో రైఫిల్‌కే అంతా పెట్టేయకు. జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ కావాలి. జాకెట్ కూడా కొలత ఇచ్చి కుట్టించుకున్నదే మంచిది. మందం, గట్టిదనం పోటీ దగ్గర యంత్రంతో కొలుస్తారు, నిబంధన దాటితే లోపలికి రానివ్వరు. ఆపై పెల్లెట్లు. రోజుకు వంద కాలిస్తే 500 డబ్బా వారం రాదు. హైదరాబాద్‌లో పోటీలకు, అక్కడి సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి రేంజ్‌లో ప్రాక్టీసుకు వెళ్లిరావడానికి రైలు, తిండి ఖర్చులు వేరు. నా సలహా, నీ డబ్బులో సగానికి కొంచెం పైన రైఫిల్‌కు, మిగతాది ఏడాది ఆటకు ఉంచు. రైఫిల్ కొని పెల్లెట్లకు పైసలు లేక ఆగిపోయిన పిల్లలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్లలో మంచి చేయి ఉన్నవాళ్లు ఉన్నారు.

మన వరంగల్ ఎండల సంగతి కూడా చెప్పాలి. మేలో 44 డిగ్రీల్లో కాన్వాస్ జాకెట్ వేసుకుని గంటసేపు నిలబడటం ఆషామాషీ కాదు. పొద్దున ఆరుకు మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించు. నింపిన సిలిండర్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలేయొద్దు. వానాకాలం పెట్టెలోని స్పాంజ్ తేమ పట్టి బ్యారెల్‌కు తుప్పు తెస్తుంది. ఇంటికి రాగానే రైఫిల్ బయటికి తీసి తుడిచి పెట్టు.

బస్సులో, రైల్లో తీసుకెళ్లేటప్పుడు పెట్టెకు తాళం వేసి, బిల్లు, క్లబ్ కార్డు, పోటీ ఎంట్రీ కాగితం వెంట ఉంచుకో. ఎవరైనా పోలీసు ఆపితే విసుక్కోకు. పెట్టె విప్పి, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల ఖాళీ అని చూపే రంగు తీగ) చూపించి, ఏమిటో మర్యాదగా చెప్పు. మిద్దె మీద ప్రాక్టీసు చేయకు. పెల్లెట్ గోడకు తగిలి ఎగిరి ఎవరి కంట్లోనైనా పడొచ్చు. ఇంట్లో చేయాల్సింది పెల్లెట్ లేకుండా డ్రై ప్రాక్టీసు. గోడ మీద చిన్న చుక్క పెట్టుకుని రోజూ అరగంట పొజిషన్ పట్టుకుంటే, రేంజ్‌లో అది చాలా పనికొస్తుంది. ఇక ములుగు, ఏటూరునాగారం వైపు స్నేహితులు "గువ్వలు కొడదాం రా" అంటే ఒప్పుకోకు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. ఒక్క కేసు పడిందంటే రేపు పాయింట్ 22 లైసెన్స్ అడగడానికి మొహం ఉండదు.

నువ్వు ఇంకా ఎన్‌సీసీలో ఉంటే బయటికి రాకముందే యూనిట్‌లో అడుగు. ఎన్‌సీసీ జట్లు అఖిల భారత మావలంకర్ షూటింగ్ పోటీలకు కూడా వెళ్తాయి. అక్కడ ఎంపికైతే రైఫిల్, గుళ్లు, కోచింగ్ అన్నీ వాళ్లవే. ముగిసిపోయి ఉంటే జిల్లా రైఫిల్ సంఘంలో సభ్యత్వం తీసుకో. సభ్యత్వం లేకుండా రాష్ట్ర పోటీకి ఎంట్రీ ఉండదు. అక్కడి నుంచి సౌత్ జోన్, ఆపై జాతీయ పోటీలు.

కింద కామెంట్‌లో నీ ఎత్తు, బరువు, ఏ కన్ను బలమైనదో, ఇంతకుముందు వెన్ను లేదా మెడ నొప్పి ఏమైనా ఉందా అన్నది రాయి. అమ్మ, బాపు ఒప్పుకున్నారో లేదో కూడా చెప్పు. ఒప్పుకోకపోతే మొదటి రోజు వాళ్లను కూడా రేంజ్‌కు తీసుకొచ్చి, వెనక కుర్చీల్లో కూర్చోబెట్టు. స్టాక్ ఏ సైజు చూడాలో, ఏ మోడళ్లు నీకు పనికిరావో అప్పుడు చెప్తాను.